బ్రైటన్‌లో ఏం చూడాలి? - మా నాయన లెక్క ప్రకారం

నేను బ్రైటన్‌లో ఐదేళ్ళున్నానని తెలిసిన ప్రతి స్నేహితుడూ ఆన్‌సైట్ ఖాయమవగానే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఒక్క రోజులో బ్రైటన్‌లో ఏం చూడొచ్చు మామా?" ఇన్నాళ్ళూ అందరికీ ఒకే జాబితా కాపీ పేస్టు కొట్టి పంపేవాణ్ణి. పియర్, పెవిలియన్, సందుల్లో నగల కొట్లు, ఫిష్ అండ్ చిప్స్, సాయంత్రం లండన్ రైలు. ఆ జాబితా తప్పని కాదు గానీ, 2023 జూన్‌లో మా నాయన అక్కడికొచ్చి మూడు వారాలుండి పోయాక అది పంపడానికి నాకే మొహం చెల్లటం లేదు. అందుకని ఒకేసారి ఇక్కడ రాసి పెడుతున్నా. ఇకమీదట ఎవరడిగినా ఇదే లింకు :)

ముందుగా మా నాయన గురించి. మాది పాములపాడు. మొన్న మొన్నటిదాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఆ పేరెప్పుడూ వినలేదా? బనకచర్ల పేరైనా వినుంటారు. 2025లో పోలవరం-బనకచర్ల అంటూ టీవీల్లో రెండు రాష్ట్రాల వాళ్ళూ కొట్టుకున్నారే, ఆ బనకచర్ల మా మండలంలోదే. పోతిరెడ్డిపాడు దగ్గర శ్రీశైలం నీళ్ళు తీసుకుని బనకచర్ల దగ్గర పాయలుగా పంచుతారు. ఒక పాయ వెలుగోడు రిజర్వాయరుకి, ఒకటి ఎస్సార్బీసీకి, ఒకటి నిప్పులవాగులోకి. ఇవన్నీ మా నాయనకి అరచేతిలో గీతలు. పేపర్లో సినిమా పేజీ తిప్పేస్తాడు గానీ శ్రీశైలం నీటిమట్టం ఎన్ని అడుగులో చూడందే కాఫీ తాగడు. అలాంటి మనిషి అరవై ఎనిమిదేళ్ళ వయసులో మొట్టమొదటిసారి సముద్రం చూసింది ఇంగ్లండులో. మనకి తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు తీరముంది, కానీ మా ఊరికి ఏ సముద్రమూ దగ్గర కాదు. శనగ కోత, మిరప కోత, వరినాట్లు.. వీటి మధ్యలో "సముద్రం చూసొద్దాం పద" అనే ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

అమ్మకి తప్ప. అమ్మ ఒకటి రెండుసార్లు అడిగింది. ఉద్యోగమొచ్చిన కొత్తలో "వైజాగ్ తీసుకుపోతాలే" అన్నా. ఆ "లే" దగ్గరే ఆగిపోయింది.

సరే, జాబితాలోకి వద్దాం.

1. సముద్రం

లండన్ విక్టోరియా స్టేషన్ నుంచి గంట ప్రయాణం. బ్రైటన్ స్టేషన్‌లో దిగి తిన్నగా వాలులోకి నడిస్తే పదిహేను నిమిషాల్లో నీళ్ళు కనిపిస్తాయి. ఇసుక ఉంటుందని ఆశపడకండి. ఒడ్డంతా గులకరాళ్ళే. నాయన మొదటి మాట: "ఇదేందిరా, రోడ్డెయ్యనీకి కంకర తోలిపెట్టినట్లుంది?"

ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఫోటోలు తీస్తూ పోయా. పది నిమిషాలయ్యాక మళ్ళీ ఆయనే, "ఇన్ని నీళ్ళు ఒక్క ఎకరాకి పనికిరావు కదరా" అన్నాడు. కొంచెం ఆగి, "మీ అమ్మ చూసింటే బాగుండు" అన్నాడు. నేను ఐస్‌క్రీం తెస్తానని చెప్పి అక్కణ్ణుంచి జారుకున్నా. (అన్నట్టు, అక్కడి సీగల్ పక్షులు చేతిలో తినుబండారాన్ని ఎత్తుకుపోతాయి. మన కోతుల్లాగే. జాగ్రత్త.)

ఆ సాయంత్రం నాయన అడిగిన ప్రశ్న ఐదేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. "ఈ ఊరోళ్ళు తాగే నీళ్ళు యాడివి?" వెతికి చూశా. బ్రైటన్‌లో చెప్పుకోదగ్గ నది లేదు. ఊరి వెనకున్న గుట్టలన్నీ సుద్ద రాయి. వాన నీళ్ళు ఆ సుద్దలోకి ఇంకిపోతాయి, వాటినే బోర్లతో తోడి ఊరికిస్తారు. "అంటే సముద్రం పక్కన కూచోని వీళ్ళూ బోరు నీళ్ళే తాగుతారా!" అని ఎంత సంబరపడ్డాడో. ఆ తర్వాత నుంచి ఆ ఊరి మీద ఆయనకి ఒక రకమైన బంధుత్వం ఏర్పడిపోయింది.

2. రెండు పియర్లు

పియర్ అంటే సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది, అవతలి ఒడ్డు లేని వంతెన. ఇప్పుడు జనం తిరిగేది ప్యాలెస్ పియర్, 1899లో తెరిచారు. గేముల మిషన్లు, డోనట్ల వాసన.. మన నుమాయిష్‌ని నీళ్ళ మీద పెట్టినట్టుంటుంది. మేం వెళ్ళినప్పుడు లోపలికి ఉచితమే, 2024 నుంచి బయటి ఊరి వాళ్ళకి టిక్కెట్టు పెట్టారు. పిల్లలుంటే వెళ్ళండి, లేకపోతే అరగంట చాలు. దాని పక్కనుంచే 1883 నాటి వోక్స్ రైలు మొదలవుతుంది. ప్రపంచంలో ఇప్పటికీ నడుస్తున్న కరెంటు రైళ్ళలో అదే పాతది. అది మాత్రం ఎక్కండి.

దానికి పడమరగా నీళ్ళలో ఒక ఇనుప అస్థిపంజరం కనిపిస్తుంది. అది వెస్ట్ పియర్. 1866లో తెరిచారు, 1975లో మూసేశారు, 2002 చివర్లో కొంత కూలింది, 2003లో రెండుసార్లు కాలింది. చలికాలం సాయంత్రాలు దాని మీద వేల కొద్దీ స్టార్లింగ్ పక్షులు మేఘంలా చుట్టలు తిరుగుతాయి. ఆ దృశ్యానికి టిక్కెట్టు లేదు.

నాయనకి 1866 అన్న సంవత్సరం చెప్పగానే, "మన కేసీ కెనాలు తవ్వింది కూడా అప్పుడే కదా" అన్నాడు. నిజమే! సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువని 1863కీ 1870కీ మధ్య తవ్వారు. తవ్వింది సర్కారు కాదు, లండన్‌లో వాటాలు అమ్మి డబ్బు పోగేసిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ. ప్రేరణ కాటన్ దొరది. పెట్టుబడి పది లక్షల పౌండ్లు. కాలువ పారినా పారకపోయినా వాటాదారులకి ఏడాదికి 5 శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ. ఆ ప్రభుత్వానికి డబ్బెక్కడిది? మనవాళ్ళు కట్టిన శిస్తుదే. మన భాషలో చెప్పాలంటే ప్రాజెక్టు ఫెయిలైనా బిల్లింగ్ మాత్రం ఆగని కాంట్రాక్టన్నమాట. ఆ పది లక్షలూ చాలక ప్రభుత్వం పైన మళ్ళీ అప్పిచ్చింది. మొదట్లో రైతులు ఆ నీళ్ళు పెద్దగా తీసుకోలేదు, పడవలూ అనుకున్నంతగా తిరగలేదు. 1876-78 కరువు కర్నూలు జిల్లాని తుడిచిపెట్టేసింది. చివరికి 1882లో సర్కారే కొనుక్కుంది. 1933లో పడవలు కూడా ఆగిపోయాయి.

ఆ వడ్డీ డబ్బులతో ఎవరైనా బ్రైటన్ వచ్చి పియర్ మీద షికారు చేసి ఉంటారా అని నాకో వెధవాలోచన వచ్చింది. చేసే ఉంటారు అనడానికి నా దగ్గర రుజువేం లేదు. నేను ఆవేశంగా ఇదంతా చెబుతుంటే నాయన నవ్వి, "పోనీలేరా. వాళ్ళది కాలిపాయె. మనది ఇంకా పారుతుండాది. ఎవురు లాభపడినట్ల?" అన్నాడు. దాదాపు 160 ఏళ్ళ ప్రాజెక్టుకి అంత చిన్న క్లోజర్ రిపోర్టు నేనెక్కడా చూడలేదు.

3. రాయల్ పెవిలియన్

ఊరి నడిమధ్యన గుమ్మటాలు, మినార్లతో ఒక భవనం. మొదటిసారి చూసిన ఏ భారతీయుడైనా ఒక నిమిషం నిలబడిపోతాడు. విలాసపురుషుడైన యువరాజు జార్జి (తర్వాత నాలుగో జార్జి రాజు) కోసం జాన్ నాష్ అనే వాస్తుశిల్పి 1815-22 మధ్యలో దీనికి ఈ రూపమిచ్చాడు. బయటంతా ఇండియా, లోపలంతా చైనా.. పైన మేడిన్ ఇండియా అని రాసుండి విప్పితే చైనా సామాను బయటపడే ఫోన్లలాగా. విక్టోరియా రాణికి ఇది నచ్చక 1850లో ఊరికి అమ్మేసింది.

టిక్కెట్టు ఖరీదే గానీ కొనండి. కారణం షాండిలియర్లు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో గాయపడిన మన సిపాయిలకి 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి దాకా ఇది ఆస్పత్రి. పక్కనున్న డోమ్ హాలుతో కలిపి 700కు పైగా పడకలు. రాజుగారు నాట్యాలు చూసిన గదుల్లో పంజాబు, గఢ్వాల్ కుర్రాళ్ళు పడుకున్నారు. మతానికీ కులానికీ తగ్గట్టు తొమ్మిది వంటశాలలు పెట్టారు, హిందువులకీ ముస్లిములకీ నీళ్ళ కుళాయిలు వేరు వేరు. బోర్డులు ఉర్దూ, హిందీ, గురుముఖిలో రాశారు. లోపల ఈ కథ చెప్పడానికే ఒక గది కేటాయించారు. దక్షిణం వైపున్న ద్వారం 1921లో ఈ ఆస్పత్రికి కృతజ్ఞతగా మన వాళ్ళు కట్టించి ఇచ్చింది, పటియాలా మహారాజు వచ్చి ప్రారంభించాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇంత శ్రద్ధలో ప్రచారం పాలు కూడా ఉంది. మహారాజభవనంలో మన సిపాయిలు పడుకున్న ఫోటోలని పోస్టుకార్డులుగా వేశారు, పుస్తకాలు అచ్చేసి ఇండియాలో పంచారు. అదే ఊళ్ళో కిచెనర్ ఆస్పత్రిలో ఉన్నవాళ్ళని బయట తిరగనివ్వకుండా చుట్టూ ముళ్ళకంచె వేశారు. మంచీ ఉంది, లెక్కా ఉంది.

నాయన అన్నీ విని, "బాగైనాక ఇంటికి పంపినారా?" అని అడిగాడు.

"కొంతమందిని పంపారు. కొంతమందిని మళ్ళీ యుద్ధానికే పంపారు."

"అంతేలే. ఎద్దుకు పుండైతే మందు పూసి, మానినాక మళ్ళా కాడి కట్టమా? అట్ల."

4. ఛత్రి

ఇదే నేను నా పాత జాబితాలో ఎవరికీ రాయనిది. ఐదేళ్ళలో నేను కూడా నాయనతో వెళ్ళేదాకా చూడనిది. ఊరికి ఉత్తరాన పాచమ్ దాకా బస్సులో వెళ్ళి, ఏ-27 హైవే దాటి, గొర్రెలు మేసే గుట్టల మీద ముప్పావుగంట నడవాలి. కారు పోదు. నాయనని అంత నడిపించాలా అని నేను సందేహిస్తుంటే ఆయన గొర్రెలని చూసుకుంటూ నాకన్నా ముందే పోయాడు.

పచ్చటి వాలులో తెల్లటి పాలరాతి గుమ్మటం, ఎనిమిది స్తంభాలు. బ్రైటన్ ఆస్పత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సిపాయిల్లో 53 మందిని దహనం చేసింది ఇక్కడే. (ముస్లిం సిపాయిలని వోకింగ్ మసీదు దగ్గర ఖననం చేశారు.) చితులు పేర్చిన చోట మూడు గ్రానైట్ పలకలు పరిచారు. దీని నమూనా గీసింది హెన్రిక్స్ అనే బొంబాయి నుంచి వచ్చిన కుర్ర ఆర్కిటెక్టు. 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు. చాలాకాలం అక్కడ ఆ సిపాయిల పేర్లే లేవు. 2010లో దగ్గర్లోనే ఒక గోడ కట్టి 53 పేర్లూ చెక్కారు.

మేం వెళ్ళేసరికి ఎవరూ లేరు. దూరం నుంచి హైవే హోరు, గాలి. నాయన షూస్ విప్పి పక్కన పెట్టాడు. నేనూ విప్పా.

"పేర్లు సదువు" అన్నాడు.

"అన్నీనా?"

"అన్నీ."

చదివా. రెజిమెంటు పేర్లతో సహా. ఒకటి రెండు పేర్లు పలకడం సరిగా రాలేదు, ఆగి మళ్ళీ పలికా. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు.

"అస్థికలు యాడ కలిపినారు?"

"ఇక్కడి సముద్రంలోనే నాయనా. చితికి నెయ్యి, కర్పూరం అన్నీ పెట్టారట. తోటి సిపాయిలే కార్యం చేశారు."

"పెండ్లాం బిడ్డలకు ఎట్ల తెలిసింటాది?"

"ఉత్తరం రావాలి. నెలలు పట్టేదేమో."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ 2021 మే నెలలో పోయింది. కోవిడ్. ఏప్రిల్ 23 నుంచి ఇంగ్లండు ఇండియాని రెడ్ లిస్టులో పెట్టింది. విమానాలు అరకొర. వెళ్తే ఎప్పుడు తిరిగొస్తానో, వీసా ఏమవుతుందో, ఉద్యోగం ఉంటుందో లేదో. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ మంగళవారం ఆస్పత్రిలో చేర్చారని తెలిసినప్పుడు నేను చేసిన పని టిక్కెట్టు బుక్ చేసుకోవడం కాదు, ఎక్సెల్ షీటులో ఈ కారణాలన్నీ రాసుకోవడం. శనివారానికి అమ్మ లేదు. చిన్నాయన కొడుకు పీపీఈ కిట్టులో నిలబడి వాట్సప్‌లో చూపించాడు. నాయన నిప్పు పెట్టే సమయానికి సిగ్నలు పోయి బొమ్మ బిగుసుకుపోయింది. ఆ బిగుసుకుపోయిన బొమ్మే ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. నేను బ్రైటన్‌లో వంటింటి బల్ల ముందు లాప్‌టాప్ పెట్టుకుని నిలబడి ఉన్నా, బయట ఎండ కాస్తోంది, పక్కింటివాళ్ళు బీచికి పోతున్నారు. మర్నాడు సంగమేశ్వరంలో అస్థికలు కలిపారు.

ఆ తర్వాత రెండేళ్ళలో నేనూ నాయనా రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం. వానల గురించి, శనగ రేటు గురించి, శ్రీశైలం మట్టం గురించి. ఇది తప్ప అన్నిటి గురించీ. ఆయన మనసులో నా మీద ఏముందో అడిగే ధైర్యం నాకు లేదు.

ఛత్రి మెట్ల మీద కూర్చున్నాక నాయనే అన్నాడు. "వాళ్ళకు ఉత్తరమే. నువ్వు ఫోన్లో అన్నా చూసినావు."

"సరిగా చూళ్ళేదు నాయనా. నువ్వు నిప్పు పెట్టేటప్పుడు సిగ్నల్ పోయింది. నేను రావాల్సింది. రావచ్చు కూడా. లెక్కలేసుకుంటూ కూర్చున్నా."

ఆయన కాసేపు పలకల వైపు చూసి, "నాకు తెలుసులే" అన్నాడు. ఏది తెలుసో అడగలేదు నేను. "కోపమొచ్చింది. రాకుండా ఎట్లుంటాది? మీ అమ్మ ఆ నాలుగు దినాలూ వాకిలి దిక్కే చూసె." ఆ మాట దాచుకోకుండా చెప్పాడు. తర్వాత, "ఆ పొద్దు కర్మ చేయనీకి మనుషులు దొరకలా. ఆస్పత్రి దగ్గర ముక్కూ మొగం తెలియని పిల్లోళ్ళు ఇద్దరొచ్చి చెయ్యేసినారు. వీళ్ళకూ ఎవురో చేసినారు కదా" అన్నాడు.

ఆ ఇద్దరి గురించి నాకు అప్పటిదాకా తెలియదు. రెండేళ్ళు తెలియదు.

ఇంతకు మించి అక్కడ ఏమీ జరగలేదు. ఆయన నన్ను క్షమించానని అనలేదు, నేను అడగలేదు. కానీ తిరుగు దారిలో ఆ నాలుగు రోజుల గురించి మొదటిసారి మొత్తం చెప్పాడు. ఆక్సిజన్ సిలిండరు కోసం ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నాడో, అమ్మ చివరికి ఏం తినాలని అడిగిందో.. అన్నీ. జూన్ కాబట్టి రాత్రి తొమ్మిది దాటినా వెలుతురుంది. "ఈడ పొద్దు గూకదా?" అని మధ్యలో ఒకసారి విసుక్కున్నాడు కూడా.

ఇప్పుడు నా అభిప్రాయం. మనవాళ్ళు లండన్, రెడింగ్, స్లవ్ నుంచి శనివారం పొద్దున గుంపులుగా బ్రైటన్ వస్తారు. పియర్ ముందు గ్రూపు ఫోటో, పులిహోర డబ్బాలు, సాయంత్రం రైలు. నేనూ అదే చేశా, తప్పేం లేదు. కానీ మనలాంటి వాళ్ళమే, అంటే ఊరొదిలి, అయినవాళ్ళని వదిలి, ఎవరో పిలిచిన పనికి వచ్చినవాళ్ళం, ఆ ఊరికి వందేళ్ళ క్రితమే వచ్చాం. మనం జీతానికీ వీసాకీ సంతకం పెట్టి వచ్చాం, వాళ్ళు పదకొండు రూపాయల నెలజీతానికి తుపాకీ పట్టుకుని వచ్చారు. పోలిక అంతదాకానే, అది నాకూ తెలుసు. అయినా ఆ 53 పేర్లు ఒకసారి పైకి చదవడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఏటా జూన్‌లో అక్కడ ఒక స్మారక సభ జరుగుతుంది, ఆ సమయానికి వెళ్ళగలిగితే మరీ మంచిది.

నేను 2024లో హైదరాబాదు తిరిగొచ్చేశా. మొన్న ఎండాకాలం నాయనతో సంగమేశ్వరం వెళ్ళా. ఏడాదిలో సగానికి పైగా ఆ గుడి శ్రీశైలం నీళ్ళలోనే ఉంటుంది, మట్టం తగ్గాక బయటపడుతుంది. అమ్మ అస్థికలు కలిపిన చోటు చూపించాడు. చుట్టూ బురద ఎండి నెర్రెలిచ్చి ఉంది, నీళ్ళు దూరంగా జరిగాయి. "ఈ నీళ్ళు కొన్ని మన కాలువలోకి వస్తాయి, కొన్ని సముద్రానికి పోతాయి. మీ అమ్మ సముద్రం చూసే ఉంటాదిలే" అన్నాడు నాయన.

బ్రైటన్ వెళ్ళేవాళ్ళకి చివరిగా ఒక మాట. ఛత్రి దగ్గర కొట్లేం ఉండవు, నీడ కూడా తక్కువే. గట్టి షూస్ వేసుకోండి, తాగే నీళ్ళు మీరే పట్టుకెళ్ళండి. మా నాయన అందరికీ ముందు చెప్పమన్నది ఇదే.